మూడు వేల హిట్లు, ఒక్క ప్రయాణం

పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది వెంకన్న గుడి. అమెరికా మొత్తంలో హిందూ దేవాలయాలను వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన 1970ల్లోనే ఆ ఊరి శివారు పెన్‌హిల్స్‌లో గుట్ట మీద స్వామి వెలిశాడు. అక్కడ ఉద్యోగాలు చేసుకునేవాళ్ల సంగతి సరే, ఆర్నెల్లు ఉండొద్దామని పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు కూడా ఆ గుట్ట ఎక్కాలనే చూస్తారు. దర్శనం అయ్యాక నగరంలోకి వస్తే అలెగేనీ నది మీద ఒకే పోలికతో పసుపుపచ్చ వంతెనలు మూడు వరసగా కనిపిస్తాయి. వాటిలో ఒకటి తిన్నగా బేస్‌బాల్ మైదానానికి దారితీస్తుంది. మ్యాచ్ ఉన్న రోజు దాని మీద కార్లు ఆపేస్తారు. జనం పిల్లాపాపలతో నడిచి దాటుతారు. మైదానంలో నది వైపు, అంటే కుడి చివర, ఒక గోడ ఉంది. దాని ఎత్తు సరిగ్గా 21 అడుగులు.

ఆ 21 ఒక మనిషి చొక్కా మీది అంకె. వంతెనకు పెట్టింది ఆయన పేరే. మైదానం బయట నిలబడి ఉన్నది ఆయన విగ్రహమే. ఆయన ఆ ఊళ్లో పుట్టినవాడు కాదు. నల్లనివాడు. వచ్చిన కొత్తలో ఆ ఊరి భాష కూడా అంతంతమాత్రం. పేరు రొబెర్తో క్లెమెంటే. పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుకు 18 ఏళ్లు ఆడాడు, మరో జట్టు తరఫున ఒక్క మేజర్ లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. 1972 డిసెంబరు 31 రాత్రి, వేరే దేశంలో భూకంపం పాలైన జనానికి తిండిగింజలూ మందులూ తీసుకెళ్తూ సముద్రంలో కలిసిపోయాడు. అప్పటికి ఆయన వయసు 38.

క్లెమెంటే గురించి రాసేవాళ్లు చాలామంది ఆయన ఆటను ఒక పక్క, త్యాగాన్ని ఒక పక్క పెట్టి చూపిస్తారు. గొప్ప ఆటగాడు, చివర్లో గొప్ప పని చేశాడు అన్నట్టు. ఆయన జీవితాన్ని చదివినకొద్దీ నాకు ఆ రెండింటి మధ్య గీత కనపడకుండా పోయింది. మైదానం చివర నుంచి విసిరిన బంతి కానీ, తల్లిదండ్రులు పెట్టిన పేరు కానీ, ఆకలితో ఉన్నవాడి కోసం కట్టిన మూట కానీ, చేరాల్సిన చోటికి చేరి తీరాలన్నది ఆయన పంతం. ఆ పంతమే ఆయన్ని ఆ విమానం ఎక్కించింది.

చెరకు తోటల పిల్లాడు

కరీబియన్ సముద్రంలో ప్యూర్టోరికో చిన్న దీవి. 1898లో స్పెయిన్ చేతిలోంచి అమెరికా చేతిలోకి వచ్చింది. 1917 నుంచి అక్కడివాళ్లు అమెరికా పౌరులే. అయినా అధ్యక్ష ఎన్నికల్లో దీవి మీద ఉండేవాళ్లకు ఓటు లేదు. ఆ దీవిలోని కరోలినా ఊళ్లో, శాన్ ఆంటోన్ అనే పేటలో, 1934 ఆగస్టు 18న రొబెర్తో పుట్టాడు. ఆ ఇంట్లో ఆఖరివాడు. నాన్న మెల్చోర్ క్లెమెంటే చెరకు తోటల్లో మేస్త్రీ. అమ్మ లూయిసా వాకర్ తోట యజమానుల ఇంటి బట్టలు ఉతికేది.

ఏ పని చెప్పినా ‘ఒక్క క్షణం, ఒక్క క్షణం’ అనే అలవాటు ఉండేదట పిల్లాడికి. స్పానిష్‌లో ఆ మాట సగానికి తెగి ‘మోమెన్’ అనే ముద్దుపేరైంది. సైకిల్ కావాలని అడిగితే నాన్న సంపాదించి కొనుక్కోమన్నాడు. పొద్దున్నే లేచి పొరుగింటికి పాల క్యాను మోసుకొచ్చి, పైసా పైసా పోగేసి, ఏళ్ల తరబడి ఆగి 27 డాలర్లతో పాత సైకిల్ కొన్నాడు. ఆటకు బ్యాట్ జామకొమ్మ. బంతి లేకపోతే గుడ్డపీలికల ఉండ, అదీ లేకపోతే రేకు డబ్బా. మన ఊళ్లలో కొబ్బరిమట్ట బ్యాటు పట్టుకున్న పిల్లలకు ఈ వాక్యం ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

హైస్కూల్లో అతను జావెలిన్ విసిరేవాడు. ఒలింపిక్స్‌కు పంపొచ్చని పెద్దలు అనుకునేంత దూరం విసిరేవాడు. తర్వాత ప్రపంచం ముక్కున వేలేసుకుని చూసిన ఆ భుజబలానికి పునాది అక్కడే పడింది. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. 2008లో మన దేశం నుంచి మొట్టమొదటగా అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఒప్పందం మీద సంతకాలు చేసిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ కూడా జావెలిన్ విసురుతూ పెరిగిన ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లే. వాళ్లను తీసుకున్న జట్టు కూడా ఈ పైరేట్సే.

1952లో, ఇంకా బడిలో ఉండగానే, ప్యూర్టోరికో లీగ్‌లోని సాన్‌తుర్సే జట్టు రొబెర్తోను వారానికి 40 డాలర్లకు తీసుకుంది. రెండేళ్లకు బ్రూక్లిన్ డాడ్జర్స్ 10 వేల డాలర్ల బోనస్ ఇచ్చి సంతకం పెట్టించుకుంది. జాకీ రాబిన్సన్ ఆడుతున్న జట్టు అది. 1947లో నల్లవాళ్లకు పెద్ద లీగ్ తలుపు తెరిచినవాడు రాబిన్సన్. కానీ డాడ్జర్స్ ఈ కుర్రాణ్ని తమ దగ్గర ఉంచుకోకుండా కెనడాలోని మాంట్రియల్‌కు, కింది స్థాయి జట్టుకు పంపింది. అప్పట్లో ఒక నిబంధన ఉండేది: 4 వేల డాలర్లకు మించి బోనస్ ఇచ్చిన కొత్త ఆటగాణ్ని ప్రధాన జట్టులో ఉంచుకోకపోతే, సీజన్ ముగిశాక వేరే జట్టు ఎగరేసుకుపోవచ్చు. మాంట్రియల్‌లో అతన్ని ఎక్కువగా బెంచీ మీదే కూర్చోబెట్టారు. ఇతర జట్ల కంట పడకుండా దాచారని కొందరు, కాదని కొందరు వాదిస్తారు. దాచినా దాగలేదు. పైరేట్స్ తరఫున క్లైడ్ సుకెఫోర్త్ అనే స్కౌట్ ఇంకొక ఆటగాణ్ని చూడ్డానికి అక్కడికి వెళ్లి, మ్యాచ్‌కు ముందు సాధనలో ఈ కుర్రాడు బంతి విసరడం చూశాడు. వెళ్లిన పని మర్చిపోయాడు. తొమ్మిదేళ్ల కిందట జాకీ రాబిన్సన్‌ను అప్పటి డాడ్జర్స్ పెద్ద బ్రాంచ్ రికీ ముందుకు తీసుకెళ్లినవాడు కూడా ఈ సుకెఫోర్తే. ఆ రికీ ఇప్పుడు పైరేట్స్ వ్యవహారాలు చూస్తున్నాడు. 1954 నవంబరులో 4 వేల డాలర్లు కట్టి క్లెమెంటేను తెచ్చేసుకున్నారు.

బొగ్గు పొగల ఊళ్లో

అప్పటి పిట్స్‌బర్గ్ ఉక్కు కొలిమి. జట్టేమో లీగ్‌లో అట్టడుగున పడి ఉంది. 1955 ఏప్రిల్ 17న ఫోర్బ్స్ ఫీల్డ్ మైదానంలో క్లెమెంటే తొలి మ్యాచ్ ఆడాడు. ఎదురుగా ఉన్నది తనను వదులుకున్న డాడ్జర్సే. మొదటిసారి బ్యాట్ పట్టగానే హిట్ కొట్టాడు.

కానీ అంతకు కొన్ని నెలల ముందే రెండు దెబ్బలు తగిలి ఉన్నాయి. మెదడులో కణితితో అన్న లూయిస్ చనిపోయాడు. అన్నను చూడ్డానికి వెళ్తుండగా తాగి బండి నడుపుతున్నవాడొకడు క్లెమెంటే కారును గుద్దాడు. వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. ఆ నొప్పి ఆయన్ని జీవితాంతం వదల్లేదు. బ్యాటింగ్‌కు వచ్చిన ప్రతిసారీ మెడను అటూ ఇటూ తిప్పి సర్దుకునేవాడు. ప్రేక్షకులు దాన్నో స్టయిల్ అనుకున్నారు. పత్రికలు మాత్రం లేని రోగాలు చెప్పుకుంటాడని రాశాయి. నొప్పి అన్నందుకు వెక్కిరించారు. ఆ నొప్పితోనే 18 సీజన్లలో 2,433 మ్యాచ్‌లు ఆడాడని గుర్తు పెట్టుకుంటే ఆ వెక్కిరింత ఎంత అన్యాయమో తెలుస్తుంది.

దానికంటే లోతుగా దిగింది భాష విషయం. ఆయనకు ఇంగ్లిష్ రెండో భాష. మాట్లాడినప్పుడు స్పానిష్ యాస వచ్చేది. విలేకరులు దాన్ని మామూలుగా రాయకుండా, యాసను అక్షరాల్లో విరిచి, చదివేవాళ్లు నవ్వేలా అచ్చువేసేవాళ్లు. చెప్పిన మాటలో తెలివి ఎవరికీ చేరేది కాదు, పలుకులోని తేడాయే చేరేది. ఊరు మారి, పలుకు మారి, నోరు విప్పడానికి జంకిన మనిషి ఎవరైనా ఆ పొద్దుటి పేపరు ఆయనకు ఎలా ఉండేదో ఊహించగలరు. పేరు కూడా వదల్లేదు. ‘రొబెర్తో’ అంటే నోరు తిరగదన్నట్టు ‘బాబ్’ అన్నారు, ‘బాబీ’ అన్నారు. అమెరికా పిల్లలు పోగుచేసుకునే టాప్స్ కంపెనీ బేస్‌బాల్ కార్డుల మీద 1957 నుంచి 1969 దాకా ‘బాబ్ క్లెమెంటే’ అనే వేశారు. ఆయన మాత్రం అడిగిన ప్రతివాడికీ తన పేరు రొబెర్తో అనే చెప్పాడు.

వసంతకాలంలో జట్టు సాధనకు ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్ వెళ్లేది. దక్షిణాది అది, జాతి వివక్ష చట్టాల నేల. తెల్ల ఆటగాళ్లు హోటళ్లలో దిగేవాళ్లు, నల్లవాళ్లు ఊరికి అటు వైపు ఎవరిదో ఇంట్లో. ప్రయాణంలో బస్సు ఆగితే తెల్లవాళ్లు లోపలికెళ్లి భోంచేసేవాళ్లు, నల్లవాళ్లకు తినేది బస్సులోకి తెచ్చిచ్చేవాళ్లు. క్లెమెంటే ఆ పొట్లం ముట్టలేదు. ముట్టొద్దని తోటి నల్ల ఆటగాళ్లకూ చెప్పాడు. చివరికి వాళ్ల కోసం వేరే బండి ఏర్పాటు చేయించాడు. నల్లవాడిగా ఒక వివక్ష, స్పానిష్ మాట్లాడేవాడిగా ఇంకొకటి, రెండూ ఒకే మనిషి మీద పడ్డాయి. ఆయన కోపిష్టి అని పేరు పడింది. 1963లో ఒక అంపైర్‌తో గొడవలో చేయి తగిలించి 5 రోజుల నిషేధం, 250 డాలర్ల జరిమానా వేయించుకున్నాడు కూడా. ఆయన్ని దేవుణ్ని చేసి ఆ కోపాన్ని చెరిపేయాలనుకోవడం తప్పు. ఆ కోపానికి కారణాలున్నాయి, వాటిలో ఎక్కువ భాగం న్యాయమైనవి.

బంతి చేరాల్సిన చోటు

బేస్‌బాల్ తెలియని పాఠకుల కోసం ఒక్క మాట. మైదానంలో 90 అడుగుల దూరాల్లో నాలుగు ‘బేస్‌’లుంటాయి. బంతి కొట్టినవాడు ఒక్కో బేస్ చుట్టి తిరిగి మొదలైన చోటికి వస్తే ఒక పరుగు. గుండ్రటి కర్రతో, గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో నేల తాకకుండా వచ్చే బంతిని కొట్టాలి. ఎదుటివాళ్ల పొరపాటు వల్ల కాకుండా, తన దెబ్బ బలంతోనే బేస్ చేరితే అది ‘హిట్’. పదిసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లు హిట్ సాధించేవాణ్ని మేటి అంటారు. అంత కష్టం అది. క్లెమెంటే జీవితకాల సగటు .317.

ఆయన కాపలా రైట్ ఫీల్డ్. అంటే మైదానం కుడి చివర. మన క్రికెట్‌లో బౌండరీ దగ్గర బంతి పట్టిన ఫీల్డర్, కీపర్ సాయం లేకుండా అక్కడి నుంచే నేరుగా వికెట్లు పడగొట్టాడనుకోండి. ఏడాదికి ఒక్కసారి జరిగినా టీవీలో పదే పదే చూపిస్తారు. క్లెమెంటే అలాంటి విసుర్లతో బతికాడు. గోడకు తగిలి వచ్చే బంతి ఏ కోణంలో తుళ్లుతుందో ఆయనకు ముందే తెలుసు. పట్టి, ఒళ్లంతా తిప్పి విసిరితే, పరుగెత్తుతున్నవాడి కంటే ముందు బంతి బేస్ దగ్గరుండేది. అవుట్‌ఫీల్డ్ నుంచి అలా 266 సార్లు ఔట్లకు సాయపడ్డాడు. ఆయన చేతికి బంతి దొరికిందని తెలిసి బేస్ దగ్గరే ఆగిపోయిన రన్నర్ల లెక్క ఏ రికార్డులోనూ ఉండదు. 1961 నుంచి 1972 దాకా వరసగా 12 ఏళ్లు ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్ ఆయనదే.

బ్యాట్ పట్టినా పద్ధతి సొంతమే. మంచి బంతి కోసం ఆగమని శిక్షకులు చెప్పే పాఠం ఆయన వినలేదు. నేలబారుగా వచ్చినా, తల ఎత్తున వచ్చినా, అవతలికి పోతున్నా బరువైన బ్యాట్‌తో అందుకునేవాడు. 1961, 1964, 1965, 1967, నాలుగుసార్లు నేషనల్ లీగ్ బ్యాటింగ్ కిరీటం గెలిచాడు. 1966లో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 1956 జులైలో షికాగో కబ్స్ మీద ఒక దెబ్బ కొట్టాడు. మూడు బేస్‌ల మీదా పైరేట్స్‌వాళ్లే, ఆఖరి ఇన్నింగ్స్, జట్టు మూడు పరుగులు వెనక. బంతి గోడ దాటలేదు. మూడో బేస్ దగ్గర ఆగమని కోచ్ చేతులు అడ్డం పెట్టాడు. క్లెమెంటే ఆగలేదు. నలుగురూ మొదలైన చోటికి చేరారు, మ్యాచ్ 9-8తో గెలిచారు. అలా ముగిసిన మ్యాచ్ మేజర్ లీగ్ చరిత్రలో మరొకటి నమోదు కాలేదు.

1960లో పైరేట్స్ న్యూయార్క్ యాంకీస్‌ను ఓడించి, ఆ ఏటి విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ గెలిచింది. ఏడు మ్యాచ్‌ల్లోనూ క్లెమెంటే హిట్ కొట్టాడు. ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడి ఓట్లలో ఆయనకు దక్కింది ఎనిమిదో స్థానం. మొదటి స్థానం దక్కకపోవడం కంటే, ఏడుగురి వెనక నిలబెట్టడం ఆయన్ని గాయపరిచింది. నల్లవాడూ, యాస ఉన్నవాడూ కాకపోతే అంత కిందికి నెట్టేవాళ్లా అన్న ప్రశ్నకు ఇవాళ్టికీ సమాధానం చెప్పడం కష్టం.

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. క్లెమెంటేకు ఆయనంటే ప్రాణం, ఇద్దరూ కలుసుకున్నారు కూడా. అంత్యక్రియలు కాకుండా సీజన్ మొదలుపెడితే ఆడమని పైరేట్స్‌లోని నల్ల ఆటగాళ్లు తేల్చి చెప్పారు. ముందు నిలబడినవాళ్లలో క్లెమెంటే ఒకడు. తెల్ల సహచరులూ కలిసొచ్చారు. ఏప్రిల్ 10 దాకా ఆట మొదలుకాలేదు. మూడేళ్ల తర్వాత, 1971 సెప్టెంబరు 1న, అదే జట్టు తొమ్మిది మందీ నల్లవాళ్లూ లాటినోలే అయిన కూర్పుతో బరిలోకి దిగింది. మేజర్ లీగ్‌లో అలా జరగడం అదే మొదలు. ఆ తొమ్మిది మందిలో 37 ఏళ్ల క్లెమెంటే ఉన్నాడు.

ఆ ఏడాదే ఆయన పేరు దేశమంతా తెలిసింది. వరల్డ్ సిరీస్‌లో బాల్టిమోర్ ఓరియోల్స్ మొదటి రెండు మ్యాచ్‌లూ గెలిచింది. అందరూ అయిపోయిందన్నారు. క్లెమెంటే మాత్రం ఆగలేదు. ఏడు మ్యాచ్‌ల్లో 12 హిట్లు, సగటు .414. చివరి మ్యాచ్‌లో ఆయన ఒకే దెబ్బకు అన్ని బేస్‌లూ చుట్టే హోమ్ రన్ కొట్టాడు, పైరేట్స్ 2-1తో గెలిచింది. సిరీస్ అత్యుత్తమ ఆటగాడు ఆయనే. గెలిచాక డ్రెస్సింగ్ రూమ్‌లో మైకు ముందుకొచ్చి, దేశం మొత్తం చూస్తున్న టీవీలో, ఇంగ్లిష్ కంటే ముందు స్పానిష్‌లో మాట్లాడాడు. ప్యూర్టోరికోలో ఉన్న అమ్మానాన్నలను దీవించమని అడిగాడు. పెద్దవాళ్లను అలా దీవెన అడగడం అక్కడి ఆచారం, మనం కాళ్లకు దండం పెట్టినట్టు. పదిహేనేళ్లకు పైగా ఏ భాషను చూసి నవ్వారో ఆ భాషలో, తన జీవితంలోకెల్లా పెద్ద రోజున, ముందు చేరాల్సినవాళ్లకు ముందు మాట చేరవేశాడు. నా వరకు ఆ సిరీస్‌లో ఆయన కొట్టిన అన్ని దెబ్బల కంటే అదే పెద్దది.

ఆఖరి హిట్టు

1972 సీజన్ ముగింపుకొచ్చేసరికి 3,000 హిట్లకు ఒక్కటి తక్కువ. అప్పటికి ఆ మెట్టు ఎక్కినవాళ్లు పదిమందే. సెప్టెంబరు 29న న్యూయార్క్ మెట్స్‌తో మ్యాచ్. ఆయన కొట్టిన బంతి ఫీల్డర్ చేతికి తగిలి జారింది. బోర్డు మీద హిట్ అని వెలిగింది. జనం లేచి నిలబడ్డారు. కాదు, ఫీల్డర్ పొరపాటని తీర్పు మారింది. మర్నాడు, సెప్టెంబరు 30న, జాన్ మాట్‌లాక్ వేసిన బంతిని గోడకు కొట్టి రెండో బేస్ చేరాడు. ఈసారి ఎవరికీ సందేహం రాలేదు. అంపైర్ ఆ బంతిని తెచ్చి చేతికిచ్చాడు. క్లెమెంటే టోపీ తీసి జనానికి చూపాడు. స్టేడియంలో ఉన్నది పదమూడు వేల మంది చిల్లర మాత్రమే. లీగ్ సీజన్‌లో అదే ఆయన చివరి హిట్టని ఆ రోజు ఎవరికి తెలుసు?

మైదానం బయటి క్లెమెంటే గురించి ఆ రోజుల్లో పెద్దగా రాయలేదు. అభిమానుల ఉత్తరాలను ఊళ్ల వారీగా విడదీసి పెట్టుకునేవాడు. ఏ ఊరికి మ్యాచ్‌కు వెళ్తే ఆ ఊళ్లో ఆస్పత్రిలో ఉన్న పిల్లలను వెళ్లి చూసేవాడు. కెమెరాలను పిలిచేవాడు కాదు. మన వెనక వచ్చేవాళ్లకు బతుకు కాస్త బాగుపడేలా చేసే అవకాశం చేతిలో ఉండి కూడా చేయకపోతే, ఈ భూమ్మీద కాలం వృథా చేసినట్టేనని 1971లో హ్యూస్టన్‌లో ఒక సభలో అన్నాడు. ఆయన మాటల్లో అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకునేది అదే.

ఆ ఏడాది నవంబరులో ప్యూర్టోరికో అమెచ్యూర్ జట్టుకు మేనేజర్‌గా నికరాగ్వా రాజధాని మనాగ్వా వెళ్లాడు. కొన్ని వారాలు ఉన్నాడు. ఆ వీధుల్లో తిరిగాడు, పిల్లలకు నాణేలు పంచాడు. ఇంటికి తిరిగొచ్చిన కొద్దిరోజులకే, డిసెంబరు 23 అర్ధరాత్రి దాటాక, ఆ నగరం కూలిపోయింది. భూకంపంలో వేలమంది చనిపోయారు, లక్షలమంది వీధిన పడ్డారు. ఆయనకు అది వార్త కాదు, తెలిసిన ముఖాలు.

క్రిస్మస్ పండగ వదిలేసి ప్యూర్టోరికో రాజధాని శాన్ హువాన్‌లో సహాయ సంఘం నడిపాడు. స్టేడియం ముందు నిలబడి, ఇల్లిల్లూ తిరిగి సామాన్లు పోగుచేశాడు. భార్య వేరా పక్కనే ఉంది. విమానాలు వెళ్లాయి. అటునుంచి వచ్చిన కబురు మాత్రం మంచిది కాదు. నియంత సొమోజా సైనికులు వచ్చిన సాయాన్ని వచ్చినట్టు లాగేసుకుంటున్నారు, జనానికి అందడం లేదు. తుపాన్లు చూసిన మనకు ఈ మాట కొత్తగా వినిపించదు. పంపినవాడికీ ఎదురుచూసేవాడికీ మధ్య సాయం ఎక్కడ ఆగిపోతుందో మనకూ తెలుసు. క్లెమెంటే ఒక్కటే అనుకున్నాడు: తాను వెళ్లి నిలబడితే తన ముందు ఎవరూ దొంగిలించలేరు.

దొరికిన విమానం పాత డీసీ-7. నాలుగు వేల డాలర్ల అద్దె. డిసెంబరు 2న అదే విమానం రన్‌వే పక్క గుంటలో దిగి దెబ్బతిన్న సంగతి ఆయనకు చెప్పలేదు. అనుమతించిన బరువు కంటే సుమారు 1,900 కిలోలు ఎక్కువ ఎక్కించారు. కో-పైలట్ సీట్లో కూర్చున్నది విమానం యజమాని. అతనికి ఆ రకం విమానం నడిపే అర్హత లేదు. ఏడాది చివరి రాత్రి, దీవి అంతా కుటుంబాలు ఒకచోట చేరే వేళ, 9 గంటల 20 నిమిషాలకు విమానం లేచింది. ఇంజన్ తేడా చేసింది. వెనక్కి తిప్పే ప్రయత్నంలోనే తీరానికి కాస్త దూరంలో అట్లాంటిక్‌లో పడింది. విమానంలో ఉన్న అయిదుగురూ పోయారు.

తెల్లారేసరికి జనం తీరానికి వచ్చి నిలబడ్డారు. రోజుల తరబడి వెళ్లలేదు. పైరేట్స్ క్యాచర్ మానీ సాంగియెన్, పనామావాడు, ప్రాణస్నేహితుడు, తోటి ఆటగాళ్లంతా సంస్మరణ సభకు వెళ్తే తాను మాత్రం వెళ్లలేదు. గజ ఈతగాళ్లతో కలిసి సముద్రంలో మునిగి వెతికాడు. పైలట్ దేహం ఒక్కటే దొరికింది. క్లెమెంటే దేహం ఇప్పటికీ దొరకలేదు. విమానాన్ని తనిఖీ చేయాల్సిన ప్రభుత్వ శాఖ మీద కుటుంబాలు కోర్టుకెళ్లాయి. కింది కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది, పై కోర్టు కొట్టేసింది.

ఆయన తర్వాత

బేస్‌బాల్ మేటి ఆటగాళ్లకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకోవాలంటే ఆట మానేశాక అయిదేళ్లు ఆగాలి. క్లెమెంటే కోసం ఆ నియమం పక్కన పెట్టి 1973 మార్చిలో ప్రత్యేకంగా ఓటు వేశారు. 424లో 393 ఓట్లు. లాటిన్ అమెరికా నుంచి ఆ గౌరవం దక్కిన మొదటి ఆటగాడు ఆయనే. అయితే అక్కడ ఆయనకు పెట్టిన ఫలకం మీద కూడా పేరు తప్పుగానే చెక్కారు. స్పానిష్ పద్ధతిలో ముందు నాన్న ఇంటిపేరు, తర్వాత అమ్మది. వాళ్లు తారుమారు చేసి ‘రొబెర్తో వాకర్ క్లెమెంటే’ అన్నారు. 2000లో ఫలకం మార్చి ‘రొబెర్తో క్లెమెంటే వాకర్’ అని సరిచేశారు. తల్లిదండ్రులు ఇచ్చిన పేరు తన చోటికి చేరడానికి 27 ఏళ్లు పట్టింది.

ఆటలోనూ సేవలోనూ మేటి అనిపించుకున్నవాడికి మేజర్ లీగ్ ఏటా ఇచ్చే అవార్డు ఆయన పేరు మీదే ఉంది. ఇవాళ ఆ లీగ్‌లో నలుగురిలో ఒకరికి మించి లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లే. వాళ్లను బాబ్ అని ఎవరూ పిలవరు. కరోలినాలో పిల్లల కోసం ఆయన కలగన్న క్రీడానగరాన్ని, 304 ఎకరాల్లో, వేరా తన భుజాల మీద వేసుకుని నడిపింది. ఇవాన్ రోడ్రిగెస్, బెర్నీ విలియమ్స్ లాంటివాళ్లు చిన్నప్పుడు అక్కడ ఆడినవాళ్లే. తర్వాత నిధుల్లేక, తుపాను దెబ్బకు అది పాడుబడింది. 2019 నవంబరులో వేరా కన్నుమూసింది. విగ్రహాలకు లోటు లేని మనిషికి అన్నిటికంటే ఇష్టమైన స్థలం శిథిలమవడం బాధ కలిగిస్తుంది. కంచు విగ్రహం కంటే ఆ మైదానాల్లో గడ్డి కోయించడమే ఆయనకు సరైన నివాళి.

21వ నంబరును పైరేట్స్ 1973 ఏప్రిల్‌లోనే ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది. జాకీ రాబిన్సన్ 42ను అన్ని జట్లూ పక్కన పెట్టినట్టు దీన్నీ పెట్టాలని చాలామంది అడుగుతున్నారు. లీగ్ ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలి.

ఆ డిసెంబరు 31న సామాన్లు ఎక్కించడానికి సాయం చేసినవాళ్లలో టామ్ వాకర్ అనే యువ పిచ్చర్ ఒకడు. శీతకాలం ఆటకు ప్యూర్టోరికో వచ్చాడు. తానూ విమానంలో వస్తానని అడిగాడు. వద్దు, కుర్రాడివి, ఇక్కడే ఉండి కొత్త సంవత్సరం పండగ చేసుకో అని క్లెమెంటే అతన్ని దించేశాడు. వాకర్ తర్వాత పిట్స్‌బర్గ్‌లో స్థిరపడ్డాడు. 1985లో అతనికి ఒక కొడుకు పుట్టాడు, పేరు నీల్. 2009 నుంచి 2015 దాకా, 21 అడుగుల గోడ ఉన్న ఆ మైదానంలో, నీల్ వాకర్ పైరేట్స్‌కు ఆడాడు.